టాకీసు కప్పు కింద
(స్మారకోపన్యాస పాఠం)

తెలుగు పట్టణాల్లో పాత థియేటర్ సాధారణంగా బస్టాండు నుంచో రైలు స్టేషను నుంచో నడిచి వెళ్లేంత దూరంలో, పెద్ద రోడ్డు మీదే ఉంటుంది. అయిదారు వందల నుంచి వెయ్యి మంది దాకా కూర్చునే హాలు. మధ్యలో స్తంభాలుండవు, పక్క గోడలకు కిటికీలుండవు, నేల తెర వైపు వాలుగా దిగుతుంది. ముందు వరసలో నాలుగైదు కొట్లు, ఓ పక్క సైకిల్ స్టాండు, వెనక కాస్త ఖాళీ జాగా. ఇలాంటి కట్టడాలు నూరేళ్ల కాలంలో నాటకశాలలుగా, టాకీసులుగా, సభలు జరిగే చోట్లుగా, పెళ్లి మండపాలుగా, గోదాములుగా పనిచేశాయి. చివరికి చాలావాటిని కూలగొట్టి ఆ స్థలంలో దుకాణాల సముదాయాలు కట్టారు.

ఈ మార్పులకు జనం అభిరుచి మారడమే కారణమని చెప్పుకోవడం అలవాటైపోయింది. టీవీ వచ్చింది, జనం రావడం మానేశారు, హాలు మూసేశారు, అంతే కథ. ఇందులో నిజం లేకపోలేదు గానీ సగమే ఉంది. కట్టడం పని మారిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తే ముందు కనబడేవి దాని కప్పు, అది నిలిచిన స్థలం, దాని లైసెన్సు. ప్రేక్షకుడు ఆ తర్వాతి వాడు. ఇక్కడి చర్చ మున్సిపాలిటీ స్థాయి పట్టణాల్లోని ఒంటి తెర హాళ్ల గురించి. నగరాల మల్టీప్లెక్సుల సంగతి వేరు.

తెలుగు ఆధునిక నాటకానికి మొదట్లో సొంత ఇల్లంటూ లేదు. 1880లో ధార్వాడ నాటక కంపెనీ వచ్చి రాజమండ్రిలో ప్రదర్శనలిచ్చింది. అదే ఏడు కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించారు. ధార్వాడ వాళ్లు వేసి వదిలిపెట్టిన పాకలోనే ఆ ప్రదర్శన జరిగిందని నాటకరంగ చరిత్రకారులు చెబుతారు. ఒకరి పందిరి కింద ఇంకొకరి ఆట ఆడడం అప్పుడే మొదలైందన్నమాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన సురభి వారు కట్టడం జోలికే పోలేదు. రేకులు, గుడ్డలు, గుంజలు, తెరలు బళ్ల మీద వేసుకుని ఊరూరా తమ నాటకశాలను తామే నిలబెట్టుకుని, తామే విప్పుకుని వెళ్లారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరస వినోదిని సభ స్థాపించారు. విజయనగరంలో 1892లో కన్యాశుల్కం ఆడింది జగన్నాథ విలాసినీ సభ. ఈ సమాజాల్లో ఎక్కువ వాటికి సంస్థానాధీశుల, వకీళ్ల, వర్తకుల అండ ఉండేది. కప్పు కూడా చాలాచోట్ల వాళ్లదే.

సొంత కప్పు ముందుగా దొరికింది టౌన్ హాళ్ల రూపంలో. రాజమండ్రి టౌన్ హాలును వీరేశలింగం 1890లో కట్టించారు. టౌన్ హాలు నాటకం కోసమే కట్టినది కాదు. పొద్దున పత్రికలు చదువుకోవడానికి, సాయంత్రం ఉపన్యాసానికి, సెలవు రోజుల్లో నాటకానికి అదే గది. తర్వాత వచ్చిన నాటకశాలలూ ఈ లక్షణాన్ని పుణికిపుచ్చుకున్నాయి. నేల సమతలం, కుర్చీలు తీసి పక్కన పెట్టగలిగినవి, ఓ చివర మూడు నాలుగు అడుగుల ఎత్తున రంగస్థలం, దాని వెనక వేషాలు వేసుకునే గది. మైకు లేని రోజులు కాబట్టి పద్యం చివరి వరస దాకా వినబడాలి. హాలు పొడవుకు హద్దు పెట్టింది గాయకుడి గొంతే.

1920ల నాటికి నాటకం సమాజాల చేతిలోంచి కాంట్రాక్టర్ల చేతిలోకి జారింది. పేరున్న నటులను వేర్వేరు ఊళ్ల నుంచి పిలిపించి, ఒక్క రాత్రికి కలిపి ఆడించే పద్ధతి వచ్చింది. శ్రీకృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు ఇంకో ఊరివాడు, ఇద్దరికీ ముందస్తు రిహార్సలు అక్కర్లేదు. నాటకశాల యజమానికి రాత్రికింత అని అద్దె. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నాటకాలు జోరుగా సాగేది కోతలయ్యాక, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో. వానాకాలంలో హాలు ఖాళీ. ఏడాదిలో సగానికి పైగా రాత్రులు తాళం వేసి ఉండే కట్టడానికి ఏ కొత్త వినోదం వచ్చినా తలుపు తెరుచుకుంటుంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టేసరికే పట్టణాల్లో ఆ తలుపులు తట్టేందుకు బొమ్మ సిద్ధంగా ఉంది.

సినిమా తెలుగువాళ్లకు మొదట డేరాలో వచ్చింది. బందరు నుంచి వెళ్లి మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, బొమ్మనూ గ్రామఫోన్ శబ్దాన్నీ జతచేసి ఊళ్లలో చూపించారు. బర్మా, సిలోన్ దాకా తిరిగారు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. ఆ నగరంలోనే మౌంట్ రోడ్డు మీద 1913లో వారిక్ మేజర్ పెట్టిన ఎలక్ట్రిక్ థియేటర్ రెండేళ్లకే మూతపడితే తపాలా శాఖ కొనుక్కుంది. ఆ భవనం ఇప్పటికీ తపాలా శాఖ ఆవరణలోనే ఉంది, తపాలా బిళ్లలు సేకరించేవారి కార్యాలయంగా వాడుకలో ఉంది. సినిమా హాలుగా ఉన్నది రెండేళ్లు, తపాలా కార్యాలయంగా నూరేళ్లు దాటింది. అయినా చరిత్ర పుస్తకాల్లో దాన్ని గుర్తుపెట్టుకునేది ఆ రెండేళ్ల కోసమే.

తెలుగు జిల్లాల్లో విజయవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతి సినిమా హాలు తెరిచారు. మూకీల కాలంలో హాలులో హార్మోనియం మోగేది, తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. అలాంటి ఆటకు నాటకశాల సరిగ్గా అతికింది. హెచ్.ఎం.రెడ్డి భక్త ప్రహ్లాదతో తెలుగు టాకీ వచ్చాక, 1930లలో నాటకశాలలు ఒకదాని వెంట ఒకటి టాకీసులయ్యాయి. తెర వైపు మార్పు చెయ్యడం పెద్ద ఖర్చేమీ కాదు. రంగస్థలం అంచున తెల్ల తెర బిగిస్తే చాలు, దాని వెనక స్పీకర్లు పెట్టుకోవడానికి వేదిక ఉండనే ఉంది. వేషాల గదిలో వాల్ పోస్టర్లు, మైదా పిండి డబ్బాలు చేరాయి. కరెంటు రాని ఊళ్లలో వెనక జాగాలో ఆయిల్ ఇంజను పెట్టారు.

ఖర్చంతా వెనక వైపు. 1918 సినిమటోగ్రాఫ్ చట్టంతో ప్రదర్శనకు లైసెన్సు తప్పనిసరైంది. ఆ చట్టం ఎక్కువగా భయపడింది నిప్పుకు. అప్పటి ఫిల్ము నైట్రేట్ పదార్థంతో చేసినది. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. 1950ల తొలి నాళ్ల దాకా అదే వాడుకలో ఉంది. యంత్రంలోనేమో కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్క్ దీపం. నిప్పూ పెట్రోలూ పక్కపక్కన పెట్టినట్టే. అందుకే యంత్రాల గదిని హాలు నుంచి పూర్తిగా వేరు చేసి, మందపాటి గోడలు, ఇనుప తలుపు, బయటి నుంచి విడిగా మెట్లు పెట్టమన్నారు. తెర వైపు గోడలో చిన్న కంతలు, వాటికి ఇనుప మూతలు. మంటలు రేగితే మూతలు వాటంతటవే కిందపడాలి. పొగ పోవడానికి యంత్రం నెత్తిన గొట్టం, అది కప్పును చీల్చుకుని పైకి. హాలు గోడల వెంట ఎర్ర రంగు ఇసుక బకెట్లు. ఇవాళ పాడుబడ్డ హాలులో అడుగుపెడితే ఎంత చెక్కా ఇనుమూ పీక్కుపోయినా, వెనక గోడలో ఆ కంతలు మాత్రం మిగిలే ఉంటాయి. ఆ కట్టడం టాకీసుగా పనిచేసిందనడానికి అంతకంటే పక్కా సాక్ష్యం లేదు.

ఆపరేటరు పని బయటివాళ్లు అనుకునేంత తేలిక కాదు. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. రెండు రీళ్లు అతికించి పెద్ద చక్రానికి చుడితే 22 నిమిషాలు. పదహారు రీళ్ల సినిమాకు ఏడుసార్లు యంత్రం మార్చాలి. రీలు అయిపోయే ముందు బొమ్మ కుడి వైపు పై మూలలో చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో యంత్రం మోటారు తిప్పాలి. కొన్ని క్షణాలకు రెండో చుక్క పడగానే మొదటి యంత్రం వెలుగు కట్టేసి రెండోదాని మూత తియ్యాలి. ఇది సరిగ్గా జరిగితే నేల తరగతిలో కూర్చున్నవాడికి తెలియదు. ఒకే యంత్రం ఉన్న డేరా హాళ్లలో రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి, ఈలలు మోగేవి. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకున్నప్పుడు రీళ్ల పెట్టె సైకిలు వెనక కట్టుకుని ఓ కుర్రాడు రెండు ఊళ్ల మధ్య పరుగులు పెట్టేవాడు. సైకిలు పంక్చరైతే ఇంటర్వెల్ గంటసేపు సాగేది.

స్వాతంత్ర్యం తర్వాతి మూడు దశాబ్దాలు కట్టడం రూపం స్థిరపడిన కాలం. ముందు నేల, దాని వెనక బెంచీ, ఆపైన కుర్చీ, పైన బాల్కనీ. ఆడవాళ్లకు విడిగా ఓ వైపు, మధ్యలో అడ్డుగోడో తెరో. బుకింగులు కూడా తరగతిని బట్టి వేర్వేరు చోట్ల ఉండేవి, నేల టిక్కెట్టువాడు బాల్కనీ మెట్లను కనీసం చూడకుండానే బయటికొచ్చే ఏర్పాటు. ఈ గీతలను కట్టడంలోనే సిమెంటుతో పోసేశారు కాబట్టి, కాలం మారాక వాటిని చెరపడానికి గోడలే పడగొట్టాల్సి వచ్చింది. ఆట మొదలవబోతోందని ఊరికి చెప్పేది కప్పు మీది మైకు. చాలాచోట్ల ఘంటసాల పాడిన ‘నమో వెంకటేశా’ మోగితే ఇక టిక్కెట్లు ఇస్తారని గుర్తు. ఊరి బట్టల కొట్టు, డాక్టరు, కిళ్లీ కొట్టు ప్రకటనల స్లైడ్లు పడ్డాక, 1948లో ఏర్పడ్డ ఫిలిమ్స్ డివిజన్ వారి వార్తాచిత్రం విధిగా వెయ్యాల్సి ఉండేది. అది చూపడం లైసెన్సు షరతు. కరువు, వరద, ఆనకట్ట, ప్రధాని పర్యటన, ఇవన్నీ కదిలే బొమ్మలుగా ఊరి కంటపడ్డది ఆ పావుగంటలోనే.

పగటిపూట హాలుకు ఇంకో జీవితం ఉండేది. స్కూలు వార్షికోత్సవాలు, హరికథలు, వర్తక సంఘాల మహాసభలు, ఎన్నికల సభలు, తుపాను బాధితుల సహాయార్థం నాటకాలు. రంగస్థలం మిగిలి ఉన్న పాత నాటకశాలలకే ఈ పనులు ఎక్కువగా దక్కాయి. తెరను చుట్టి పైకి ఎత్తేస్తే వేదిక మళ్లీ వచ్చేది. సినిమా కోసమే కొత్తగా కట్టిన హాళ్లలో తెర గోడకే అతుక్కుని ఉంటుంది, నేల వాలుగా ఉంటుంది, అక్కడ నాటకం ఆడడం కష్టం. దీనికి చట్టమూ తోడైంది. సినిమా లైసెన్సు సినిమాకే. ఇతర సభలకు, ఆటలకు 1888 నాటి మద్రాసు ప్లేసెస్ ఆఫ్ పబ్లిక్ రిసార్ట్ చట్టం కింద విడిగా అనుమతి కావాలి. రెండు లైసెన్సుల రుసుము, రెండు తనిఖీల తలనొప్పి ఎందుకని చాలామంది యజమానులు పగటి పనులు మానుకున్నారు. ఊరికి ఓ సభాస్థలం పోయింది. దీనికి సినిమాను తప్పుపట్టడం సరికాదు, అది కచేరీ కాగితాల్లో జరిగిన పని.

1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నిబంధనలు కట్టడాన్ని ఇంకా గట్టిగా బిగించాయి. పక్కా హాలు, పాక్షికంగా పక్కా హాలు, తాత్కాలిక డేరా అంటూ తరగతులు. కొత్తగా హాలు కట్టాలంటే ముందు నిరభ్యంతర పత్రం, తర్వాత ఇంజినీరు ధ్రువపత్రం, విద్యుత్ తనిఖీ, అగ్నిమాపక తనిఖీ, చివర లైసెన్సు. ఏళ్ల తరబడి తిరిగి సంపాదించిన ఈ కాగితం విలువ ఒక్కోసారి గోడల విలువను మించిపోయేది. ఆడినా ఆడకపోయినా లైసెన్సు పునరుద్ధరించుకుంటూ పోయిన యజమానులున్నారు. ఒకసారి వదులుకుంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

పన్నుదీ ఇదే తీరు. 1939 వినోదపు పన్ను చట్టం కింద మొదట అమ్మిన టిక్కెట్టు మీద పన్ను. టిక్కెట్ల లెక్క దాచడం మామూలైపోయాక, 1980లలో స్లాబు విధానం వచ్చింది. హాలు నిండితే ఎంత వసూలవుతుందో లెక్కగట్టి, ఊరి స్థాయిని బట్టి అందులో ఇంత శాతం అని నిర్ణయించారు. హాలు నిండినా, పది మందే వచ్చినా పన్ను ఒకటే. పెద్ద సినిమా ఆడే హాలుకు ఇది లాభించింది, పాత సినిమాలు ఆడుకునే చిన్న హాలుకు మాత్రం ఖాళీ కుర్చీ కూడా పన్ను కట్టేదైంది. ఫలితంగా సీట్లు తగ్గించి చూపుకోవడం, బాల్కనీ మూసెయ్యడం, వెనక వరసలు పీకెయ్యడం మొదలైంది. హాళ్లు కుదించుకుపోవడం టీవీ కంటే ముందే, పన్ను పుస్తకంలోనే మొదలైందనడానికి ఇదే ఆధారం.

టీవీ దెబ్బ తక్కువేమీ కాదు. 1980ల వీడియో పార్లర్లు, 1987–88 ఆదివారం ఉదయాల రామాయణం, 1995లో వచ్చిన జెమిని, ఈటీవీ ఒక్కొక్కటీ ఒక్కో ఆటను తినేశాయి. ముందు పోయింది పాత సినిమాల ప్రేక్షకుడు. ఘంటసాల పాటల సినిమా ఇంట్లోనే వస్తుంటే మ్యాట్నీకి ఎవరొస్తారు? రెండో విడత, మూడో విడత ప్రదర్శనల మీద బతికే హాళ్లు ఉదయం ఆటకు డబ్బింగ్ ‘పెద్దల చిత్రాల’ మీద ఆధారపడ్డాయి. దాంతో కుటుంబాలు మిగతా ఆటలకు కూడా రావడం మానేశాయి. హాలు పరువు పోయాక సినిమా మార్చి లాభం లేదు, చాలా ఊళ్లలో మూతకు ముందు మెట్టు ఇదే.

2005 తర్వాత డిజిటల్ ప్రదర్శన వచ్చి, దశాబ్దం తిరక్కుండా రీలును తుడిచిపెట్టింది. హైదరాబాదులో విడుదలైన రోజే చిన్న ఊళ్లోనూ విడుదల సాధ్యమైంది. హాలు యజమానికి ఇది వరమే అనిపించింది గానీ, రెండో విడత అన్నదే లేకుండా పోయింది. అన్ని హాళ్లూ ఒకే సినిమా కోసం ఒకే వారం పోటీ పడాలి. మూడో వారానికి అన్నీ ఖాళీ. యంత్రాల సంస్థలకు నెలనెలా కట్టాల్సిన రుసుము, హాళ్లను గంపగుత్తగా లీజుకు తీసుకునే పంపిణీదారుల పద్ధతి కలిసి యజమాని కట్టడానికి అద్దెదారే దిక్కయ్యేలా చేశాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వినోదపు పన్ను అందులో కలిసిపోయింది. 2020 మార్చిలో కరోనాతో మూతపడ్డ హాళ్లలో కొన్ని మళ్లీ తెరుచుకోలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టిక్కెట్ల ధరలు తగ్గించినప్పుడు గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాలులో అట్టడుగు తరగతి టిక్కెట్టు 5 రూపాయలు. తర్వాతి ఏడాది ధరలు సవరించారు గానీ, అప్పటికే కొందరు షట్టర్లు దించేశారు.

మూసిన హాలు ఏమవుతుందన్నది దాని నిర్మాణం మీద ఆధారపడి ఉంటుంది. అన్నిటికంటే తేలిక గోదాము. స్తంభాలు లేని వెడల్పు, ఎత్తయిన కప్పు, కిటికీలు లేని గోడలు బస్తాలకు అక్కరకొచ్చేవే. ధాన్యం, ఎరువులు, మిర్చి దేనికైనా పనికొస్తుంది. కుర్చీలు పాత ఇనుముకు అమ్మేసి, లారీ వెనక్కి వచ్చేలా ఓ పక్క గోడ పగలగొడితే చాలు. వాలు నేల మీద బస్తాల వరసలు ముందుకు ఒరుగుతాయి కాబట్టి తెర వైపు దిమ్మె కట్టుకుంటారు. రేకుల కప్పు కారకుండా చూసుకోవడమే నిత్యం ఉండే పని.

పెళ్లి మండపానికి ఖర్చెక్కువ. ముందు నేల సమం చెయ్యాలి. తెర దగ్గర నాలుగడుగుల దాకా మట్టి నింపి, దిమ్మిస కొట్టి, పైన నాపరాళ్లో టైల్సో పరచాలి. అలా నింపేసరికి రంగస్థలం నేలలో కలిసిపోతుంది, పెళ్లి వేదిక కొత్తగా కట్టుకోవాలి. శబ్దం బయటికి పోకుండా కట్టిన గోడలకు గాలి కోసం కిటికీలు కొట్టాలి. గోడల మీది చిల్లుల చెక్క పలకలు, గోనె పట్టాలు పీకేస్తే లోపల మాట గింగురుమంటుంది. మంగళవాద్యం మొదలైతే పంతులుగారి మంత్రం పెళ్లికొడుక్కే వినపడదు. బాల్కనీ భోజనాలకు పనికొస్తుందని ఆశపడతారు గానీ, మెట్ల వరసల మీద బల్లలు నిలవవు. సైకిల్ స్టాండే చివరికి వంటశాల అవుతుంది. ఇలా మండపాలైన హాళ్లలో కొన్నింట నాటక పరిషత్తుల ప్రదర్శనలు కూడా జరుగుతుంటాయి. నేల మళ్లీ సమతలం కావడం నాటకానికి కలిసొచ్చింది.

హాలుగానే బతికినవీ ఉన్నాయి. బాల్కనీని గోడతో మూసి చిన్న ఏసీ హాలుగా, కింది భాగాన్ని ఇంకో హాలుగా చేసి ఒకే కప్పు కింద రెండు తెరలు పెట్టుకున్నారు. ముందు కొట్ల మీద రెండంతస్తులు లేపి అద్దెలు తెచ్చుకుంటూ, ఆ అద్దెతో సినిమా నష్టం పూడ్చుకునేవాళ్లున్నారు. 2022 ఆగస్టులో పోకిరి పునఃప్రదర్శన తర్వాత పాత సినిమాలను అభిమానుల కోసం మళ్లీ వెయ్యడం వాడుకైంది. హీరో పుట్టినరోజు ఆటకు హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతుంది. ఏడాదిలో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే కాబట్టి దీన్ని పునరుజ్జీవనం అనడం తొందరపాటు.

మిగిలినవాటి విషయంలో లెక్క ఒక్కటే. ఊరు పెరిగి, ఒకప్పుడు పొలాల పక్కనున్న హాలు నడిబొడ్డుకు వచ్చింది. గజం ధర ముందు ఏ ఆట వసూలూ ఆనదు. వారసులు నలుగురైతే, కట్టడాన్ని నాలుగు ముక్కలు చెయ్యడం కుదరదు, స్థలాన్ని చెయ్యవచ్చు. కూల్చివేతల్లో చాలావాటి వెనక ఉన్నది నష్టాల కంటే ముందుగా పంపకాలే. పేరు మాత్రం కూలదు. హైదరాబాదులో లిబర్టీ, తిరుపతిలో లీలామహల్ కూడళ్లుగా, స్టాపులుగా నిలిచిపోయాయి. ఆ పేరుతో దారి చెప్పేవాళ్లలో చాలామంది అక్కడ సినిమా చూసినవాళ్లు కారు.

పురావస్తు శాఖ రక్షిత జాబితాల్లో కోటలు, గుళ్లు, చావళ్లు కనిపిస్తాయి గానీ టాకీసులు కనబడడం అరుదు. వీటిలో వాస్తుశిల్పం ఏముంది అన్నది మామూలుగా వినవచ్చే మాట. ముఖద్వారం మీద సిమెంటుతో పోసిన నెమళ్లు, ఉదయించే సూర్యుడు, కట్టిన ఏడాది తప్పిస్తే చాలావాటిలో చూడదగినది తక్కువే, ఆ మాట ఒప్పుకోవాలి. వీటి విలువ అందంలో కంటే వాడుకలో ఉంది. ఆ వాడుకను రాసిపెట్టాలనుకునే స్థానిక చరిత్రకారుడికి కట్టడం పోయినా దారులు మిగిలే ఉన్నాయి. లైసెన్సు దరఖాస్తుతో పాటు స్థలం పటం, హాలు నక్షా, సీట్ల అమరిక, తలుపుల కొలతలు జతచేసి ఇవ్వాల్సి ఉండేది కాబట్టి, అవి జిల్లా కచేరీ ఫైళ్లలో ఉండాలి. మున్సిపాలిటీ ఇంటిపన్ను రిజిస్టరులో ఏ ఏడు నాటకశాల టాకీసుగా, టాకీసు గోదాముగా మారిందో తెలుస్తుంది. రిజిస్ట్రారు కార్యాలయంలో చేతులు మారిన దస్తావేజులు దొరుకుతాయి. పంపిణీ సంస్థల రోజువారీ వసూళ్ల కాగితాల్లో ఏ తరగతిలో ఎందరు కూర్చున్నారో కూడా ఉంటుంది. కాలపరిమితి తీరిన ఫైళ్లను కచేరీలు ఎప్పటికప్పుడు తగలబెడుతుంటాయి కాబట్టి, ఈ పనిని హాలు కూల్చే దాకా వాయిదా వెయ్యకుండా ముందే మొదలుపెట్టాలి, అదీ లైసెన్సు ఫైలుతోనే.